మనసు లోపల నడిచే నవలలు చదవాలనుకుంటే

బుచ్చిబాబు నవల ‘చివరకు మిగిలేది’ కొనుక్కుని, నలభై యాభై పేజీలు చదివి, "కథ ముందుకి కదలట్లేదేంటి" అనుకుని అలమరలో పెట్టేసినవాళ్ళు మన చుట్టూ చాలామందే ఉంటారు. దానికి కారణం ఉంది. మనలో ఎక్కువమందికి నవల అంటే వారపత్రిక సీరియల్, వచ్చే వారం ఏమవుతుందోనన్న ఆత్రం. ఈ రకం నవలలు చదివితే ఆ ఆత్రం తీరదు, ఎందుకంటే బయట జరిగేది తక్కువ, మనిషి లోపల జరిగేది ఎక్కువ. భయం, చేసిన తప్పు లోపల తొలిచేయడం, దేవుడున్నాడా లేడా అన్న కొట్టుమిట్టాట, పోయినవాళ్ళ కోసం ఏడుపు, ఆ ఏడుపులోంచి మెల్లగా తేరుకోవడం, ఇవే వాటిలో కథ.

పైగా ఇలాంటి పుస్తకం దగ్గరికి చాలామంది మనసు బాగాలేనప్పుడే వెళ్తారు. అందులో తప్పేం లేదు. కానీ వెళ్ళాక "నేనేం చెయ్యాలో చెప్పు" అని చివరి పేజీ వైపు పరిగెడతారు, అక్కడ సలహా ఏమీ దొరక్క నిరుత్సాహపడతారు. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే: ఈ నవలల్లో ఊరట ముగింపులో ఉండదు, ఆ మనిషి ఎక్కడ ఇరుక్కుపోయాడో అక్కడ మనం అతనితో ఎంతసేపు కూర్చోగలం అన్నదాంట్లో ఉంటుంది. అలా కూర్చోవడం ఎలాగో నాకు తెలిసినంతవరకు రాస్తున్నాను.

ఏది ముందు పట్టుకోవాలి

పెద్ద పేరున్న పుస్తకంతో మొదలుపెట్టాలన్న రూలేం లేదు. తెలుగులోనే ఒక మంచి వరస ఉంది. మొదటిసారి చదివేవాళ్ళకి నేనైతే రాచకొండ విశ్వనాథశాస్త్రి ‘అల్పజీవి’ చేతికిస్తాను. చిన్న పుస్తకం, విశాఖపట్నం వాతావరణం, సుబ్బయ్య అనే ఒక చిరుద్యోగి. ఇంట్లోవాళ్ళన్నా భయం, ఆఫీసులోవాళ్ళన్నా భయం, రోడ్డు మీద గట్టిగా మాట్లాడేవాడన్నా భయం. ఆ భయం మనకి కొత్తదేం కాదు కాబట్టి పుస్తకం వెంటనే పట్టుబడుతుంది. తర్వాత నవీన్ ‘అంపశయ్య’, 1969లో వచ్చింది, ఉస్మానియా హాస్టల్లో రవి అనే కుర్రాడి ఒకే ఒక్క రోజు. పొద్దున లేచినప్పటి నుంచి అతని బుర్రలో తిరిగేదంతా పేజీల మీదకి వచ్చేస్తుంది. పరీక్షల టెన్షన్, డబ్బుల ఇబ్బంది, అమ్మాయిలు, కోరిక, సిగ్గు, ఊళ్ళో ఇల్లు, అన్నీ కలగాపులగంగా. ఈ నవల ఎంత బలంగా నిలబడిందంటే రచయితకి ‘అంపశయ్య’ ఇంటిపేరైపోయింది.

ఈ రెండూ అయ్యాక బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’కి రండి, అప్పుడు అది మీకు నత్తనడకలా అనిపించదు. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ కూడా చిన్నదే, కానీ దాన్ని మొదట్లో పెట్టలేదు. ఎందుకో తర్వాత చెప్తాను.

ఇంకో మాట. మన పాత నవలలకి ముందుమాట, పీఠిక, పరిచయం, సమీక్ష అంటూ ముందు చాలా పేజీలుంటాయి, అందులో కథంతా, ముగింపుతో సహా, చెప్పేస్తారు. పెద్దవాళ్ళు రాసినవే, విలువైనవే, కానీ అవి నవల అయ్యాకే చదవండి. ముందే చదివితే సుబ్బయ్య మీకు ‘న్యూనతాభావానికి ప్రతీక’గా కనిపిస్తాడు, సుబ్బయ్యలా కనిపించడు. దాంతో పుస్తకం సగం పోయినట్టే.

మాటకీ చేతకీ మధ్య చూడండి

మామూలు నవలలో ఎవరేం చేశారో గుర్తుపెట్టుకుంటాం. ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది వేరే. మనిషి మనసులో ఒకటి అనుకుంటాడు, నోటితో ఇంకోటి అంటాడు, చేతులతో మూడోది చేస్తాడు. ఆ మూడింటి మధ్య ఎంత దూరం ఉందో చూస్తూ వెళ్ళండి, నవల అంతా అక్కడే ఉంది. ‘చివరకు మిగిలేది’లో దయానిధి చదువుకున్నవాడు, డాక్టరు, ఆలోచనాపరుడు. కానీ తల్లి గురించి లోకం అన్న మాటలు అతని వెనకే వస్తుంటాయి. అతను కోమలి దగ్గరున్నా, అమృతం దగ్గరున్నా, ఎక్కడో దూరపు ఊళ్ళో ఉన్నా ఆ నీడ వదలదు. అతను తల్లి పేరెత్తని చోట్ల కూడా తల్లి ఉందా అని వెతకండి. ఉంటుంది. ప్రేమ విషయంలో అతను ఎందుకు అలా వెనక్కి తగ్గుతాడో, ఎదుటివాళ్ళ ఆప్యాయతని ఎందుకు పూర్తిగా తీసుకోలేకపోతాడో అప్పుడు అర్థమవుతుంది, ఆ అర్థం కావడంలో మన ఇళ్ళల్లోవాళ్ళు కూడా కొందరు అర్థమవుతారు.

ఇదే పనిని రష్యన్ రచయిత దొస్తోయెవ్‌స్కీ ‘నేరము - శిక్ష’ (1866) ఎలా చేస్తుందో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ఆరు భాగాలు, పైన ఒక ఉపసంహారం. హత్య మొదటి భాగంలోనే అయిపోతుంది. ఎవరు చేశారో మనకి తెలుసు, ఎలా చేశాడో తెలుసు. మరి మిగతా ఐదు భాగాలూ దేనికి? ఆ పని చేసిన రాస్కోల్నికోవ్ దాన్ని లోపల మోయలేకపోవడం గురించి. అతని జ్వరం, అతని చిరాకు, తల్లినీ చెల్లినీ దగ్గరికి రానివ్వకపోవడం, జేబులో డబ్బులు ఎవరికో ఇచ్చేసి వెంటనే ఎందుకిచ్చానా అనుకోవడం, ఇలాంటివన్నీ డిటెక్టివ్ కథ కోసం చదివేవాడికి అడ్డంగా కనిపిస్తాయి, కానీ కథంటే అవే. ‘పట్టుబడతాడా’ అన్న ప్రశ్న పక్కనపెట్టి ‘ఎవరికి చెప్పుకుంటాడు’ అన్న ప్రశ్నతో చదవండి. పుస్తకం మొత్తం మారిపోతుంది.

రష్యన్ పేర్లతో ఇబ్బంది అందరికీ ఉంటుంది, ఒకే మనిషికి మూడు పేర్లు. అట్ట లోపల పెన్సిల్‌తో ఎవరు ఎవరో నాలుగు ముక్కలు రాసుకుంటే సరిపోతుంది.

అర్థం కాని పేజీలు

అంపశయ్య లాంటి చైతన్య స్రవంతి నవలల్లో, అంటే మనసులో ఆలోచనలు ఎలా పారితే అలాగే రాసిన నవలల్లో, ఒక్కోసారి రెండు పేజీలు చదివాక కూడా ఇప్పుడు జరుగుతున్నదా, గతమా, ఊహా అన్నది తెలీదు. ఆగి వెనక్కి వెళ్ళకండి. బస్సులో కిటికీ పక్కన కూర్చుని మనం ఆలోచించుకునేది కూడా అలాగే ఉంటుంది, దానికి పేరాలుండవు, కామాలుండవు. అలాంటి పేజీల్ని పైకి చదవండి, నిజంగానే, గొంతు విప్పి. రవి మాటలో వరంగల్ పల్లె, హైదరాబాద్ హాస్టల్, చదువుకున్న ఇంగ్లీషు అన్నీ కలిసి వినిపిస్తాయి. ‘అల్పజీవి’లో అయితే సుబ్బయ్య మనసు ఒకే భయం చుట్టూ మళ్ళీ మళ్ళీ తిరగడం చెవికి తెలుస్తుంది. కంటికి అయోమయంగా ఉన్నది చెవికి తేలిగ్గా అందుతుంది. నాలుగైదు పేజీలు అలా చదివితే లయ దొరుకుతుంది, తర్వాత మౌనంగా చదువుకోవచ్చు.

దేవుడి సంగతి వచ్చినప్పుడు

ఇక్కడ చదువరులు రెండు రకాలుగా తప్పుకుంటారు. నమ్మకం ఉన్నవాళ్ళు సందేహం ఉన్న పేజీల్ని త్వరగా దాటేస్తారు, నమ్మకం లేనివాళ్ళు ప్రార్థన ఉన్న పేజీల్ని. అలా దాటేస్తే చేతిలో సగం నవలే మిగులుతుంది. మంచి రచయిత తను ఒప్పుకోని వైపుకి కూడా బలమైన గొంతు ఇస్తాడు. ‘కరమజోవ్ సోదరులు’లో దొస్తోయెవ్‌స్కీ విశ్వాసి అయ్యుండి కూడా, పసిపిల్లల బాధ గురించి దేవుడి మీద ఆ సోదరుల్లో ఒకడైన ఇవాన్ వేసే ప్రశ్నని ఏమాత్రం పలచన చెయ్యలేదు. నమ్మేవాళ్ళు ఆ అధ్యాయం దగ్గర ఆగి, దానికి తమ దగ్గర నిజంగా ఏం జవాబుందో చూసుకోవాలి. నమ్మనివాళ్ళు అదే పుస్తకంలో సన్యాసి జోసిమా మాటల దగ్గర అంతే ఓపికగా ఆగాలి.

మనకి దగ్గరగా ఉన్న ఉదాహరణ అనంతమూర్తి ‘సంస్కార’. కన్నడ నవల, 1965లో వచ్చింది. అగ్రహారంలో ఆచారాలన్నీ వదిలేసి బతికిన నారణప్ప చనిపోతాడు. అతనికి దహనం ఎవరు చెయ్యాలి? శవం లేచేదాకా అగ్రహారంలో ఎవరికీ తిండి లేదు. అందరూ అక్కడి పెద్ద పండితుడు ప్రాణేశాచార్యుల వైపు చూస్తారు. ఆయన తాళపత్రాలు తిరగేస్తాడు, శాస్త్రంలో జవాబు దొరకదు. చివరికి మారుతి గుడికి వెళ్ళి దేవుడినే అడుగుతాడు, కుడివైపు పువ్వు రాలితే సరేనని, ఎడమవైపు రాలితే వద్దని. రోజంతా కూర్చుంటాడు. పువ్వు రాలదు. మన గుళ్ళలో పువ్వు రాలడాన్ని దేవుడి మాటగా తీసుకునే పెద్దవాళ్ళని చూసినవాళ్ళకి ఆ ఘట్టం గుండెల్లో గుచ్చుకుంటుంది. జపాన్‌లో ఎండో షుసాకు ‘సైలెన్స్’ నవల సరిగ్గా తర్వాతి ఏడాది, 1966లో వచ్చింది. పదిహేడో శతాబ్దపు జపాన్‌లో క్రైస్తవుల్ని హింసిస్తుంటే, ఒక పోర్చుగీసు ఫాదరీ దేవుడు ఎందుకు పలకడంలేదని అల్లాడిపోతాడు. రెండు దేశాలు, రెండు మతాలు, ఒకే మౌనం. ఈ రెండూ ఒకదాని వెంట ఒకటి చదివితే ఒక్కోదాన్ని విడిగా చదివినప్పటికంటే ఎక్కువ తెలుస్తుంది, వీలైతే అలాగే చదవండి.

వేరే మతం నవల చదివేటప్పుడు కొంచెం హోంవర్క్ అవసరం, ఎక్కువేం కాదు. ‘నేరము - శిక్ష’లో సోనియా అనే అమ్మాయి రాస్కోల్నికోవ్‌కి బైబిల్లోంచి లాజరు కథ చదివి వినిపిస్తుంది. చనిపోయి నాలుగు రోజులైన లాజరుని ఏసు బతికించిన కథ. చర్చికి వెళ్ళే తెలుగువాళ్ళకి ఇది చిన్నప్పటి నుంచి తెలిసిన కథే. మిగతావాళ్ళు యోహాను సువార్త పదకొండో అధ్యాయం ముందు చదువుకుని ఆ ఘట్టానికి రండి, పది నిమిషాల పని. అప్పుడు సోనియా ‘నాలుగు’ అన్న మాటని ఎందుకు అంత నొక్కి చదివిందో తెలుస్తుంది. ఆ గదిలో ఇంకో సంగతి ఉంది. ఆమె చేతిలో ఉన్న ఆ పుస్తకం ఆమెకి తెచ్చి ఇచ్చింది లిజవేత. రాస్కోల్నికోవ్ చంపిన ఇద్దరిలో ఆమె ఒకతె. రచయిత దాన్ని ఒక్క ముక్కలో చెప్పి ముందుకి వెళ్ళిపోతాడు, గొంతు పెంచడు, వివరించడు. తొందరగా చదివితే కంట పడదు. ఇలాంటి చోట్ల కోసమే నెమ్మదిగా చదవమంటున్నాను.

తెలుగులో విశ్వాసం వైపు ప్రయాణం చూడాలంటే గోపీచంద్‌ని రెండు పుస్తకాల్లో చదవండి. ఆయన తండ్రి త్రిపురనేని రామస్వామి చౌదరి పేరుమోసిన హేతువాది. గోపీచంద్ కూడా హేతువాదంతో మొదలై, మానవవాది ఎం.ఎన్. రాయ్ ఆలోచనల మీదుగా అరవిందుల తత్వం దాకా వెళ్ళాడు. 1940ల నాటి ‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావుని ప్రశ్నలే తినేస్తాయి. ‘పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామా’కి వచ్చేసరికి అదే రచయిత ప్రశ్నని వదలకుండానే ఇంకో చోట నిలబడి ఉంటాడు. ఈ రెండో నవలకి 1963లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది, అప్పటికి ఆయన లేడు. రెండోది పెద్ద పుస్తకం, చర్చలు ఎక్కువ, ఓపిక కావాలి. ఒక మనిషి తన జీవితకాలంలో ఎంత దూరం నడవగలడో ఆ రెండు పుస్తకాల మధ్య ఉంది కాబట్టి ఆ ఓపిక పెట్టొచ్చు.

దుఃఖం ఉన్న పేజీలు

ఇది అన్నిటికంటే జాగ్రత్తగా చదవాల్సిన భాగం, అందుకే ఒక ఘట్టం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

1878 మే నెలలో దొస్తోయెవ్‌స్కీ చిన్నకొడుకు అల్యోషా చనిపోయాడు, మూడేళ్ళు కూడా నిండలేదు. మూర్ఛ వచ్చి పోయాడు, ఆ జబ్బు తండ్రిది. ఆ వేసవిలోనే ఆయన ఆప్తినా అనే మఠానికి వెళ్ళి అక్కడి గురువుని కలిశాడు. తర్వాత రాసిన ‘కరమజోవ్ సోదరులు’లో ఒక పల్లెటూరి తల్లి జోసిమా దగ్గరికి వస్తుంది. ఆమె కొడుకు పేరు అలెక్సేయ్, మూడేళ్ళు నిండటానికి మూడు నెలలు తక్కువ. వాడి చొక్కాలు, వాడి చిన్న బూట్లు తీసి చూసుకుని ఏడుస్తున్నానని చెప్తుంది. గదిలో వాడి అడుగుల చప్పుడు ఒక్కసారి వినిపిస్తే చాలంటుంది.

జోసిమా ముందు ఏం చేస్తాడో గమనించండి. అందరూ చెప్పేదే చెప్తాడు, బిడ్డ దేవుడి దగ్గర దేవదూతల మధ్య ఉన్నాడు, ఏడవకు అని. ఆమె తల వంచుకుని, మా ఆయన కూడా ఇదే మాట అన్నాడు అంటుంది. ఆ ఓదార్పు పనిచెయ్యలేదు. ఆయన దాన్ని మళ్ళీ రుద్దడు, మాట మార్చుకుంటాడు. అయితే ఊరడిల్లకు, ఏడువు, ఏడ్చిన ప్రతిసారీ వాడు ఎక్కడున్నాడో తలుచుకో, చాలాకాలం ఏడుస్తావు, చివరికి ఆ ఏడుపే నెమ్మదిస్తుంది అన్న అర్థంలో చెప్తాడు. బిడ్డ పేరేంటని అడుగుతాడు. వదిలేసి వచ్చిన భర్త దగ్గరికి తిరిగి వెళ్ళమంటాడు.

పరామర్శకి వెళ్ళి "ఊరుకోండి, ఏడవకండి, మన చేతుల్లో ఏముంది" అని రావడం మనకి అలవాటు. మంచి మనసుతోనే అంటాం. ఈ రెండు మూడు పేజీలు చదివాక ఆ ఇంట్లో ఏం అనాలో, ముఖ్యంగా ఏం అనకూడదో, పోయినవాళ్ళ పేరు ఎత్తి మాట్లాడటం ఎందుకు మంచిదో తెలుస్తుంది. దుఃఖం ఉన్న ఘట్టాన్ని చదివేటప్పుడు ఎవరు ఓదారుస్తున్నారు, ఆ మాట ఎదుటివాళ్ళకి చేరిందా లేదా, చేరకపోతే తర్వాత ఏం చేశారు, ఈ మూడూ చూస్తూ చదవండి. ఓదార్పు చేరని చోట్లే ఎక్కువ నేర్పుతాయి.

ఈ కారణం వల్లే, బాధలో ఉన్నవాళ్ళకి ఇలాంటి నవల తెచ్చి "ఇది చదువు, బాగైపోతావ్" అనకండి. మొన్ననే తండ్రిని పోగొట్టుకున్న మనిషికి నాలుగొందల పేజీల పుస్తకం ఇంకో బరువు. అడిగితే ఇవ్వండి. అడగకపోతే వెళ్ళి పక్కన కూర్చోండి.

మీ సొంత మనసు సంగతి

మనసు మరీ దిగజారి ఉన్నప్పుడు, ముఖ్యంగా బతకాలనిపించని ఆలోచనలు వస్తున్నప్పుడు, ‘అసమర్థుని జీవయాత్ర’ చదవకండి. గొప్ప నవలే, కానీ చివరికొచ్చేసరికి చాలా చీకటి. అందుకే దాన్ని మొదట్లో పెట్టలేదు. అలాంటి పరిస్థితిలో పుస్తకం కంటే మనిషి కావాలి. ఇంట్లో చెప్పుకోలేకపోతే 14416కి ఫోన్ చెయ్యండి, అది ప్రభుత్వ టెలిమానస్ లైను, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. నవల డాక్టరు చేసే పని చెయ్యలేదు, చెయ్యాలని ఆశించడం నవలకీ అన్యాయమే.

అంత తీవ్రంగా లేకపోయినా కొన్ని పేజీలు లోపల పాత గాయాన్ని తాకుతాయి. ఊపిరి బిగుసుకున్నట్టు, కళ్ళు అక్షరాల మీద ఉన్నా ఏమీ ఎక్కనట్టు అనిపిస్తే పుస్తకం మూసేసి లేవండి. వదిలేసినట్టు కాదు, రేపు చదవచ్చు, వచ్చే నెల చదవచ్చు. రాత్రి పన్నెండింటికి ఒంటరిగా చదివితే ఈ నవలలు ఉన్నదానికంటే బరువుగా ఉంటాయి, ఆ పేజీలే పొద్దున కాఫీ తాగుతూ చదివితే ఆలోచనలో పడేస్తాయి. నేను ఇలాంటివి పగలే చదువుతాను, మీకూ అదే చెప్తాను.

"ఈ రాస్కోల్నికోవ్ అచ్చం నేనే", "నాకు సుబ్బయ్య జబ్బు ఉంది" అని పేర్లు పెట్టుకోవడం కూడా వద్దు. పోలిక కనిపించడం సహజం, దాంట్లో ఒక ఊరట కూడా ఉంది, నాలాంటివాడు ఇంకొకడున్నాడని. అక్కడితో ఆగకుండా ఎక్కడ పోలిక లేదో కూడా చూడండి. సుబ్బయ్య నోరు మూసుకున్న చోట మీరు మాట్లాడిన రోజు ఒకటి ఉండే ఉంటుంది, అది గుర్తు తెచ్చుకోండి.

రాసుకోవడం, మళ్ళీ చదవడం, ఎవరితోనైనా మాట్లాడటం

నోటు పుస్తకంలో అందమైన వాక్యాలు ఎత్తి రాసుకుంటాం, తర్వాత వాటి మొహం చూడం. దానికి బదులు ప్రశ్నలు రాసుకోండి. ఎదుటివాడు ఏమీ అనకముందే సుబ్బయ్య ఎందుకు తగ్గిపోతున్నాడు? పువ్వు రాలి ఉంటే ప్రాణేశాచార్యులు ఏం చేసేవాడు? పక్కన తారీఖు వెయ్యండి. ఐదారేళ్ళ తర్వాత అదే నవల మళ్ళీ తీసినప్పుడు, ఆ ప్రశ్నలకి మీ జవాబులు మారాయో లేదో చూడొచ్చు. అంపశయ్యని ఇరవై ఏళ్ళప్పుడు చదివినవాళ్ళకి రవి తప్ప ఎవరూ కనిపించరు. కొడుకుని హాస్టల్లో చేర్చాక చదివితే ఊళ్ళో ఉన్న తల్లిదండ్రుల మీదే దృష్టంతా ఉంటుంది.

చదివాక ఎవరితోనైనా మాట్లాడాలి, ఒక్కరైనా చాలు. ఇద్దరు ఫ్రెండ్స్ ఒకే పుస్తకం తీసుకుని వారానికి ఇన్ని పేజీలని అనుకుని ఆదివారం ఫోన్లో మాట్లాడుకున్నా సరే. "బాగుందా లేదా" దగ్గర ఆగకండి, "నీకు ఎవరి మీద కోపమొచ్చింది" అని అడగండి. దయానిధి మీద కోపం తెచ్చుకునేవాళ్ళూ, అతని కోసం ఏడ్చేవాళ్ళూ ఒకే ఇంట్లో ఉంటారు, ఆ వాదన రెండు గంటలు నడుస్తుంది. అమెరికాలో ఉన్నవాళ్ళకి డెట్రాయిట్ తెలుగు లిటరరీ క్లబ్ లాంటివి ఈ పని చాన్నాళ్ళుగా చేస్తున్నాయి.

పుస్తకాల కోసం పెద్దగా వెతకక్కర్లేదు. విజయవాడలో విశాలాంధ్ర, హైదరాబాద్‌లో నవచేతన షాపుల్లో పాత తెలుగు నవలలు దొరుకుతాయి. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీదా, విజయవాడ లెనిన్ సెంటర్ దగ్గరా పాత ప్రతులు తక్కువ ధరకి వస్తాయి, కాకపోతే పేజీలన్నీ ఉన్నాయో లేదో అక్కడే నిలబడి చూసుకోండి, చివరి పేజీలు ఊడిపోయిన ప్రతులు ఎక్కువ. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్తే ‘అల్పజీవి’, ‘అంపశయ్య’ రెండూ ఒకేసారి కొనేయండి, చిన్నదాంతో ఆ రాత్రి కాకుండా మర్నాడు పొద్దున్నే మొదలుపెట్టండి.